కీమో ఎక్కించే చేతులకు ఏం కావాలో అడిగారా?

ప్రతి జిల్లా ఆసుపత్రిలో మూడేళ్లలో క్యాన్సర్ డేకేర్ కేంద్రం (చికిత్స చేసి అదే రోజు ఇంటికి పంపే చోటు), తొలి ఏడాదే 200 కేంద్రాలు అని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మంచి నిర్ణయం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, శ్రీకాకుళం నుంచి విశాఖకో విడత విడతకూ కూలి మానుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని తిరిగే కుటుంబానికి అదెంత ఊరటో వేరే చెప్పాలా? అయితే పడకలు, మందులు చేరేలోపే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ మందు ఎక్కించే నర్సుకు ఏం వచ్చు, ఏం నేర్పాలి?

కీమో అంటే క్యాన్సర్ మందు, మామూలు సెలైన్ కాదు. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు రక్తనాళం దాటి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ చచ్చిపోతుంది. విన్‌క్రిస్టిన్ అనే మరో మందు పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణమే పోతుంది. కీమో అయిన వారం పది రోజులకు 100.4 డిగ్రీల జ్వరంతో వచ్చిన మనిషిని పారాసిటమాల్ ఇచ్చి పంపకూడదు. తెల్లరక్తకణాలు పడిపోయి ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఆ మనిషి వచ్చేది డేకేర్‌కు కాదు, అర్ధరాత్రి క్యాజువాల్టీకి. అక్కడ డ్యూటీలో ఉన్నవారికీ ఇది తెలిసి ఉండాలి.

మన దగ్గర శిక్షణ అంటే చాలాసార్లు ఒక హాలు, ఒక రోజు, తెర మీద స్లైడ్లు, సాయంత్రానికి సర్టిఫికెట్. నర్సుకైనా ఫార్మసిస్టుకైనా అదే పాఠం. వందమంది ముందు సందేహాలున్నాయా అంటే ఎవరు చెయ్యెత్తుతారు? వార్డులో పక్కన నిలబడి చూడాలి. మందు ఎలా కలుపుతున్నారు, ఒలికితే ఏం చేస్తున్నారు? తెలియదని చెప్పినవారికి మెమో వస్తుందన్న టెన్షన్ ఉండకూడదు. రోగులనూ అడగాలి, ఇంటికెళ్లాక కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేశారని.

నొప్పి సంగతి మరీ బాధాకరం. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అందడం సులువు కావాలని 2014లోనే మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. అయినా అలవాటు పడిపోతారేమోనన్న భయం వదల్లేదు. ఆఖరి రోజుల్లో ఉన్న మనిషి మూలుగు వింటూ మాత్ర ఇవ్వడానికి జంకడం అజ్ఞానం వల్లే. అది నేర్పితే పోయేదే. ఊళ్లో 30 ఏళ్లు దాటినవారికి క్యాన్సర్ పరీక్షలు చేసే ఏఎన్‌ఎం అవసరం వేరు. గడ్డ ఉందని చెప్పగానే మొహం చాటేసే మహిళను మళ్లీ ఆసుపత్రి దాకా తీసుకురాగల మాట ఆమెకు నేర్పాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ మేము కోరేది ఇదే. కేంద్రం తెరవకముందే అక్కడి సిబ్బంది అవసరాలను ఒక్కొక్కరివిగా రాసుకోండి. నర్సులను పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో కొన్ని వారాలు చేతిపని నేర్చుకోనివ్వండి. నేర్చుకుని వచ్చిన నర్సును ఆర్నెల్లకే ప్రసూతి వార్డుకు మార్చకండి.