శ్రీయుత ‘బీచ్‌కు 20 నిమిషాలు’ గారి దివ్యసముఖానికి

అయ్యా,

దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌దొక్ తీరంలో, ద్రాక్షతోటల మధ్య సెలవులకు అద్దెకిచ్చే ఇల్లు ఏది చూసినా ప్రకటనలో తమరి పేరు ఉండి తీరుతుంది. నీలి రంగు కిటికీ రెక్కలు, చిన్న ఈతకొలను, గుమ్మం పక్కన ఒక ఆలివ్ చెట్టు, ఆ కింద తమరు. ఈ ఆదివారం మధ్యాహ్నమంతా తమరి సేవలోనే కరిగిపోయింది. పదకొండు ఇళ్లు చూస్తే పదకొండింటికీ బీచ్ ఇరవై నిమిషాలే. సరస్సు ఒడ్డునున్న ఊరికీ అంతే, కొండలెక్కి వెళ్లాల్సిన ఊరికీ అంతే. భగవంతుడికైనా ఇంత సమదృష్టి ఉందో లేదో.

తమరి జన్మవృత్తాంతం మీద ఒక అనుమానం. జనవరి నెల, మంగళవారం, రాత్రి రెండు గంటలు, వాన లేదు, రోడ్డు మీద పిల్లి కూడా లేదు. ఇంటి యజమాని ఆ సుముహూర్తాన మ్యాప్ తెరిచి, తన గేటు నుంచి తీరంలోని ఊరి పేరు రాసిన బోర్డు దాకా కొలిచి ఉంటాడు. పద్దెనిమిది వచ్చి ఉంటుంది. కాస్త నిజాయితీగా కనిపిస్తుందని ఇరవై చేసి ఉంటాడు. అలా తమరు పుట్టారు. అప్పట్నుంచీ తమరి వయసు ఒక్క నిమిషం కూడా పెరగలేదు.

గుట్టంతా నేల తీరులోనే ఉంది. ఈ తీరం పొడవునా తోటలకీ సముద్రానికీ మధ్య ఉప్పునీటి సరస్సుల వరుస ఒకటి అడ్డం పడి ఉంటుంది. వాటిలో పెద్దది ‘తో’. పేరు చూసి తృతీయా విభక్తి అనుకోకండి, సరస్సే, సుమారు 20 కిలోమీటర్ల పొడవు. దానికి ఇవతల మెజ్, పినే, పొమెరోల్ ఊళ్లు, వాటి చుట్టూ పిక్‌పూల్ అనే తెల్ల ద్రాక్ష తోటలు. అవతల సెత్ నుంచి మార్సెయాన్ దాకా 12 కిలోమీటర్ల సన్నటి ఇసుకగట్టు, ఆ గట్టు దాటితే మధ్యధరా సముద్రం. మెజ్ రేవులో నిలబడితే నీళ్లకు ఆవల సెత్ కొండ స్పష్టంగా కనిపిస్తుంది. కాకికైతే సముద్రం ఆరేడు కిలోమీటర్లు. కారుకు రెక్కల్లేవు కనుక తూర్పున బలారుక్ మీదుగా సెత్‌కి పోవాలి, లేదంటే పడమట మార్సెయాన్ మీదుగా చుట్టి రావాలి. దూరం రెండింతలు దాటుతుంది. కూతవేటు దూరమే, కాదనం. కూత వెళ్తుంది, కారు వెళ్లదు.

ఆ సన్నటి గట్టు మీదికి కారెక్కాలంటే దారులు రెండు కొసల్లోనే. ఆగస్టులో ఇవతలి ఊళ్లలోని ప్రతి కుటుంబం పొద్దున కాఫీ, రొట్టె అయ్యాక, పిల్లలకు ఎండ క్రీము రాశాక, పదిన్నరకి ఆ రెండు దారుల మీదే పడుతుంది. తమరు ఒక్కరికి మాట ఇచ్చి ఉంటే నిలబడేది. అందరికీ అదే మాట ఇచ్చారు, అందుకే ఎవరికీ దక్కలేదు. సెత్ దారి పట్టినవాళ్లకు అదనపు వినోదం కూడా ఉంది. ఊళ్లో కాలువల మీది వంతెనలు పడవల కోసం రోజూ కొన్ని నిర్ణీత వేళల్లో పైకి లేస్తాయి. వెనక సీట్లో పిల్లలు మొదటిసారి చప్పట్లు కొడతారు. రెండోరోజు కొట్టరు.

ఇంతకీ తమరి ఇరవై నిమిషాలు ఎక్కడ ఆగుతాయి? ఇసుకలో మాత్రం కాదు. పార్కింగ్ గేటు ముందే చేతులు దులుపుకుంటాయి. అక్కడినుంచి ఖాళీ వెతకడం, డబ్బు కట్టే యంత్రం ముందు వరుస, పదేళ్ల లోపు పిల్లలకు ఫ్రాన్స్‌లో తప్పనిసరైన సీట్ల బెల్టులు ఒక్కొక్కటే విప్పడం. గొడుగు, ఐస్ పెట్టె, తువ్వాళ్ల సంచి, గాలి నింపిన మొసలి దించడం. ఆపైన వేడి ఇసుకలో నడక. మధ్యలో ఒక చెప్పు తెగుతుంది. ఇవేవీ తమరి ఖాతాలోకి రావు.

లెక్క తమరు చెప్పరు కాబట్టి మేమే వేశాం. వేసే పద్ధతి కూడా బహిరంగంగా రాస్తున్నాం, తమరికి కోపం వచ్చినా సరే. మ్యాప్‌లో ‘ఇప్పుడే బయలుదేరితే’ అన్నది వదిలెయ్యాలి. బయలుదేరే సమయం మార్చుకునే చోట ఆగస్టు ఆదివారం పొద్దున పదకొండు అని పెట్టాలి. ‘28 నుంచి 50’ అని రెండంకెలు కనిపిస్తే పెద్దదే నమ్మాలి. గమ్యంగా ఊరి పేరు పనికిరాదు. ఊరి పేరు కొడితే మ్యాప్ చర్చి దగ్గరికి తీసుకెళ్తుంది, ఇసుక దగ్గరికి కాదు. పార్కింగ్ స్థలం పేరే ఇవ్వాలి. సాయంత్రం ఆరింటికి తిరుగు ప్రయాణం కూడా వేరేగా కొలవాలి, ఎందుకంటే అప్పుడు గట్టు మొత్తం ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. చివర్లో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఇంటికీ సముద్రానికీ మధ్య నీలం పట్టీ ఉందేమో చూసి, దాన్ని దాటే రోడ్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఒక చెయ్యి చాలు.

వచ్చిన జవాబు యాభై. పోను యాభై, రాను యాభై, ఆరు రోజులు. మొత్తం పది గంటలు. సెలవుల్లో ఒక పగలంతా కారులో కూర్చుని, కిటికీలోంచి సరస్సు చూడటానికి, మేము డబ్బు కడుతున్నాం.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఒక యజమానికి రాశాం: “అయ్యా, ఏ బీచ్‌కి ఇరవై నిమిషాలు?” మర్యాదగా జవాబొచ్చింది: సలగూ. సలగూ అంటే ఎర్రమట్టి కొండల మధ్య ఆనకట్ట కట్టి నిలిపిన మంచినీళ్ల జలాశయం. చక్కటి చోటు, కాదనలేదు. కానీ ఉప్పు లేదు, కెరటం లేదు, అవతలి ఒడ్డు కనిపిస్తోంది! బీచ్ అంటే ఏమనుకున్నావయ్యా నువ్వు? నాలుగు గుప్పెళ్ల కంకర, ఒక ఐస్‌క్రీమ్ బండి ఉంటే బీచేనా? ఇంకొకాయన ఏకంగా నది ఒడ్డు చూపించాడు. నీకు సిగ్గు లేకపోతే పోనీ, సముద్రానికైనా ఒక పరువు ఉంటుంది కదా.

అసలు నీ వెనకున్న ఆలోచనే తలకిందులు. పిల్లలున్న ఇల్లు సముద్రానికి రోజూ వెళ్తుంది. వైన్ తోటకు వారంలో రెండుసార్లు వెళ్తే గొప్ప. రెండోసారికే పిల్లలు పీపాల మధ్య దాగుడుమూతలు మొదలెడతారు, ఇంటివాళ్ల నవ్వు బిగుసుకుంటుంది. అలాంటప్పుడు రోజూ పోయేది దగ్గరుండాలి, ఎప్పుడో పోయేది దూరమున్నా పర్లేదు. మార్సెయాన్‌లోనో సెత్‌లోనో మేడమీద చిన్న వాటా, కొలను లేకపోయినా, ఆలివ్ చెట్టు లేకపోయినా, నీకంటే నయం. తోటే మనదగ్గరికి రాదు కదా అంటావు. సీసా వస్తుంది.

నీ చుట్టాల గురించి కూడా రెండు ముక్కలు. ‘ఏడాదికి 300 రోజుల ఎండ’ గారు ఎందుకంత ఎండో చెప్పరు. వాయవ్యం నుంచి త్రమొంతాన్ గాలి మబ్బుల్ని ఊడ్చేస్తుంది, అందుకు. అదే గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తూ పైనున్న వెచ్చటి నీటిని లోపలికి నెట్టేస్తుంది, అడుగునున్న చల్లటి నీరు ఒడ్డుకు తేలుతుంది. నెత్తిన నిప్పులు, కాళ్ల కింద మంచు. గాలి నింపిన మొసలి ఆ రోజు పెట్టెలోనే ఉండాలి. రక్షకులు నారింజ రంగు గాలిసంచి ఎగరేశారంటే అర్థం అదే. ‘తోటల దృశ్యం’ గారు ఆగస్టు చివర నుంచి రాత్రి రెండింటికి నిద్ర లేపుతారు. పళ్లు చల్లగా ఉండగానే కొయ్యాలని కోత యంత్రాలు దీపాలు వేసుకుని కిటికీ కిందే తిరుగుతాయి. ‘శనివారం నుంచి శనివారం’ గారి దయవల్ల దేశంలోని అద్దె ఇళ్లన్నీ ఒకే రోజు ఖాళీ అయి ఒకే రోజు నిండుతాయి. ఆ శనివారాలకు రోడ్ల సమాచారం ఇచ్చే బిజోన్ ఫ్యుటే ఆకుపచ్చ, నారింజ, ఎరుపు దాటి నలుపు రంగు కేటాయిస్తుంది. ఏ9 రహదారి మీద ఆ నలుపేమిటో చూడాలంటే ఆగస్టు మొదటి శనివారం రండి. ‘వైన్ రుచి చూడండి’ గారు పన్నెండింటికి తలుపు మూసి రెండింటికో మూడింటికో గానీ తియ్యరు, చాలాచోట్ల ఆదివారం అసలే తియ్యరు. తీసినా, కారు నడిపేవాళ్లు నోట్లో వేసుకుని ఉమ్మెయ్యాల్సిందే. లీటరు రక్తానికి 0.5 గ్రాముల దగ్గర చట్టం కాచుకుని ఉంటుంది.

అందని ద్రాక్ష పుల్లన అంటారు. ఇక్కడి పిక్‌పూల్ అందినా పుల్లనే. కానీ సరస్సు ఇవతలి ఒడ్డునే బూజీగ్‌లో పెంచే ఆల్చిప్పల పక్కన చల్లగా పోస్తే ఆ పులుపు కోసమే మళ్లీ గ్లాసు చాపుతారు. అక్కడే కొంచెం మెత్తబడ్డాం.

మెత్తబడి ఇంకోసారి మ్యాప్ తెరిచాం. జూన్ రెండో వారం, బుధవారం, సాయంత్రం ఆరున్నర. పినే దగ్గరి ఇంటి నుంచి ఇసుకగట్టు మీది పార్కింగ్‌కి. 21 అంది. మళ్లీ కొడితే మళ్లీ 21. ఆ నెలలో తొమ్మిది దాటినా సూర్యుడు దిగడు, పిల్లలు రెండున్నర గంటలు నీళ్లలో ఉండొచ్చు. అంటే తమరు పూర్తిగా అబద్ధం కాదన్నమాట. బడులకు సెలవులిచ్చే నెలల్లో మాత్రమే అబద్ధం.

ఇల్లు ఖాయం చేశాం. ఒక్క నిమిషం తేడా క్షమించాం.

ఇట్లు,
తమరి బాధితులు

తా.క.: డబ్బు కట్టాక వచ్చిన కాగితంలో చివరి పేజీ ఇప్పుడే చదివాం. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో లేవట. కొనుక్కోవాలంటే పెద్ద అంగడి దగ్గర్లోనే ఉందట, ఇరవై నిమిషాలేనట.