లైలాక్ పొద గారికి ఒక ఫిర్యాదు

చలి ప్రాంతాల పూలపొద లైలాక్ గారూ,

మీ వల్ల తోటలు పెంచేవాళ్లకు జరుగుతున్న అవమానం గురించి ఈ ఉత్తరం. పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని నిలబడటమే తోటపని అని నమ్మిన వాళ్లం మేము. మీరేమో వేళ్లు లోతుకు దిగాక, వాన లేనప్పుడు పది పదిహేను రోజులకోసారి బాగా తడిపితే చాలంటారు. మిగతా రోజులు మా ప్రేమ ఎవరి మీద చూపించుకోవాలి?

మీ పుట్టుకే అలాంటిది లెండి. ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ కొండల్లో, రాళ్ల మధ్య, నీళ్లు నిలవని చోట పెరిగిన ప్రాణం. 16వ శతాబ్దంలో ఒట్టోమన్ తుర్కుల రాజధాని ఇస్తాంబుల్ తోటల మీదుగా పడమటి యూరప్ చేరినా ఆ కొండ మొండితనం పోలేదు. వృక్షశాస్త్రం లెక్కన మల్లెకు చుట్టాలట! చలికాలం గట్టిగా లేని చోట మాత్రం సరిగ్గా పూయరు. అదో దర్జా.

రోజూ కాసిని నీళ్లు చల్లితే మీ వేళ్లు పైపైనే తిరుగుతాయి. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి. పోనీ నత్రజని ఎరువు దండిగా వేద్దామంటే ఆకులు గుబురుగా పెంచి పూలు ఎగ్గొడతారు. పక్కనున్న పచ్చిక కోసం వేసిన ఎరువులోనూ వాటా లాగేసుకుని అదే పని చేస్తారు. ఇంత సేవ చేస్తే ఇదా మర్యాద?

పొదుపు చేసేవాళ్లనైనా గౌరవించారా అంటే అదీ లేదు. కుండీకి కట్టిన చీటీలో 'కరువును తట్టుకుంటుంది' అని చదివి, నాటిన రోజు నుంచే నీళ్లు మానేసిన బుద్ధిమంతులు ఎందరో! వాళ్ల దగ్గర నిలువునా ఎండిపోయారు. మొదటి రెండేళ్లు వారానికోసారి వేళ్ల దాకా తడవాలట, మొదలు చుట్టూ, కాండానికి తగలకుండా చెక్కపొట్టు పరవాలట. ఆ తర్వాతే కరువు సంగతట. చీటీ మీద ఇంత చదివే ఓపిక ఎవరికుంది?

అన్నిటికన్నా ఘోరం కత్తిరింపు. వచ్చే ఏడాది మొగ్గలు ఈ వేసవిలోనే కట్టేసుకుంటారు. అందుకే పూలు వాడగానే కత్తెర పట్టాలట. మాకు తీరిక దొరికేది చలికాలంలో. అప్పుడు చక్కగా గుండ్రంగా కత్తిరిస్తే, వసంతంలో ఒక్క పువ్వూ ఉండదు. నింద మాత్రం నర్సరీ వాళ్ల మీద వేయాల్సి వస్తోంది.

వచ్చే ఆదివారం మీ సమాధానం వినడానికి స్వయంగా వస్తున్నాం.

ఇట్లు,
పైపు, కత్తెర, యూరియా సంచీ సమేతంగా,
మీ శ్రేయోభిలాషులు