పక్షుల పండుగకు పక్షులే అడ్డం

ముందే ఒక సంగతి తేటతెల్లం చేస్తాను. నాకు పక్షులతో పాతపగలేం లేవు. మా ఇంట్లో తాతల కాలం నుంచీ పిండం కాకికే పెడుతున్నాం, సంక్రాంతికి చూరుకి వరికంకులు కట్టి పిచ్చుకలకే వదిలేస్తున్నాం. అలాంటి నేనే ఈ వ్యాసం రాయాల్సి వచ్చిందంటే వ్యవహారం ఎంతదాకా పోయిందో మీరే ఊహించుకోండి.

సూళ్ళూరుపేటలో మూడు రోజులపాటు జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌కి, అంటే మన పక్షుల పండుగకి, వెళ్ళొచ్చాను. అక్కడ అందరూ ఎవరి పని వాళ్ళు చేశారు. షామియానా వాళ్ళు షామియానా కట్టారు, మైకు వాళ్ళు మైకు కట్టారు, బడిపిల్లలు అట్టముక్కలతో చేసిన గులాబీరంగు రెక్కలు కట్టుకున్నారు. బజ్జీల బండి మీద బాణలి దించలేదు. ఆడేవాళ్ళు ఆడారు, పాడేవాళ్ళు పాడారు, శాలువాలు కప్పేవాళ్ళు కప్పారు, కప్పించుకునేవాళ్ళు కప్పించుకున్నారు. ఇంతమంది ఇన్ని రకాలుగా ఒళ్ళు హూనం చేసుకుంటుంటే, ఎవరి పేరు మీద ఇదంతా జరుగుతోందో వాళ్ళు మాత్రం వేదిక ఛాయలకు కూడా రాలేదు. పందిట్లో సన్నాయి మోగుతుంటే పెళ్ళికూతురు ఊరవతల బురదలో తలకిందులుగా ముక్కు పెట్టుకుని నిలబడి ఉంది.

ఇది ఒక్కసారి జరిగిన పొరపాటైతే ఎవరమైనా సర్దుకుపోతాం. కానీ వీటి పాత చరిత్ర కూడా అంత బాగాలేదు. పండుగ మొదలైంది 2001లో, సూళ్ళూరుపేట ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో. 2020 తర్వాత కొన్నేళ్ళు ఆగిపోయి, 2025 జనవరి 18న మళ్ళీ మొదలైంది. ఆ మధ్యలో పక్షులు ఏం చేశాయని విచారించాను. వచ్చాయి! ఆహ్వానపత్రం లేదు, జ్యోతి ప్రజ్వలన లేదు, దారి పొడుగునా ఒక్క ఫ్లెక్సీ లేదు. అయినా సరే ఎప్పటిలాగే వచ్చాయి, గూళ్ళు కట్టాయి, పిల్లల్ని లేపాయి, పోయాయి. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసినా వాటికి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆ ఏడాది కాస్త ఆలస్యంగా పొదిగిన గుడ్డేదైనా ఉంటే అది నెల్లూరు జిల్లాలో గుడ్డు, తిరుపతి జిల్లాలో పిల్ల. దాని నేటివిటీ సర్టిఫికెట్ మీద సంతకం ఏ తహసీల్దారు పెట్టాలి? ఈ దేశంలో బాధ్యత గల జీవి ఎవరైనా ఇలా ప్రవర్తిస్తారా?

ఇక పేరు సంగతి. పండుగ ఫ్లెమింగోల పేరు మీద ఉంది. పత్రికల్లో వీటిని ముద్దుగా రాజహంసలంటారు. మనకు తెలిసిన హంస పాలనీ నీళ్ళనీ వేరు చేసేది, నలదమయంతులకి రాయబారం నడిపేది. ఇదేం చేస్తుందంటే, బురద నీళ్ళలో కాళ్ళతో తొక్కీ తొక్కీ అడుగునున్నది పైకి లేపి, తల తిరగేసి, వంకర ముక్కుతో ఆ నీళ్ళు పీల్చి, వడకట్టి, నాచునీ సన్నరొయ్యల్నీ ఉంచుకుని మిగతాది వదిలేస్తుంది. నీరక్షీర న్యాయం కాస్తా నీరపంక న్యాయమైపోయింది. కవులు ఇది చూడకపోవడం మన భాష చేసుకున్న అదృష్టం. ఆ గులాబీ రంగు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లలుగా ఉన్నప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి. ఆ నాచూ రొయ్యలూ తిని తిని, తిన్నది ఒంటికి పట్టి ఆ రంగు వస్తుంది.

అన్నిటికన్నా అన్యాయం, ఫ్లెమింగోలు ఇక్కడ గూడు కట్టవు. ఇక్కడి పులికాట్ సరస్సు వాటికి మెస్సు మాత్రమే. కాపురం, పురుళ్ళు కచ్ రణ్‌లాంటి చోట్ల. మన దగ్గర పురుడు పోసుకునేది నేలపట్టు చెరువులో గూడబాతు, అంటే పెలికాన్. దొరవారిసత్రం దగ్గర, చెరువు నీళ్ళలో మొలదాకా మునిగి నిలబడ్డ కడప చెట్ల మీద, అక్టోబరు నుంచి పుల్ల పుల్ల ఏరుకొచ్చి కట్టుకుంటుంది. 1976లో ఆ చెరువుని పక్షుల కేంద్రంగా ప్రకటించారంటే ప్రధానంగా దీని పుణ్యమే. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు దాని వెనకే చేరాయి. మరి పండుగ పేరు? గూడబాతు ఫెస్టివల్ అంటే ఫ్లెక్సీ మీద ఏం నిలుస్తుంది? బూడిద రంగు ఒళ్ళు, గడ్డం కింద గోనెసంచి. చాకిరీ పెద్దకోడలిది, ఫొటోల్లో ముందు నిలబడేది పండక్కొచ్చిన ఆడపడుచు. ఇళ్ళల్లో ఉన్న న్యాయమే ఇక్కడా నడుస్తోంది కాబట్టి దీన్ని నేను తప్పుపట్టను.

నేలపట్టులో వాచ్‌టవర్ ఎక్కి ఓ గంట నిలబడ్డాను. ముందు తగిలేది వాసన. చెట్లకి సున్నం కొట్టినట్టు ఆకులన్నీ రెట్టతో తెల్లబడి ఉన్నాయి. బైనాక్యులర్‌లో ఒక గూడు దొరికింది. అందులో పిల్ల గూడబాతు, అప్పటికే సగం తల్లంత ఉంది, ఒంటి మీద ఇంకా నూగు. తల్లి ఎక్కడి నుంచో ఎగిరొచ్చి, గూటి అంచున కాళ్ళు తడబడుతూ దిగి, ముక్కు తెరిచింది. పిల్ల ఆగలేదు. తల పెట్టి, మెడ పెట్టి, భుజాల దాకా తల్లి గొంతులోకి దూరింది. రెండూ కలిసి ఒకే జంతువులా అటూ ఇటూ ఊగాయి. తల్లి కాళ్ళు కొమ్మని గట్టిగా పట్టుకున్నాయి, రెక్కలు సగం విచ్చుకున్నాయి. నా పక్కనున్న ఆయన "అయ్యయ్యో, మింగేస్తోంది!" అని కంగారుగా ఫోన్ తీశాడు. సాయానికి పిలుస్తాడేమో అనుకున్నాను, వీడియో తీసుకుంటున్నాడు. ఇంతలో కిందినుంచి ఎవరో ఈల వేశారు. చుట్టూ ఉన్న నీటికాకులు గుంపుగా లేచి ఓ చుట్టు చుట్టి మళ్ళీ వాలాయి. ఫోన్ ఆయన మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు బాగా వచ్చింది సార్, ఇందాక కదల్లేదు." కూర్చున్న పక్షి కన్నా లేచిన పక్షి అందంగా పడుతుందన్న పరమ రహస్యం నాకు అప్పుడే బోధపడింది. అక్కడ కూర్చున్నవి గుడ్ల మీద కూర్చున్నాయన్న చిన్న విషయం ఉంది గానీ, దానికి వీడియోలో చోటుండదు.

శబ్దం గురించి పర్యావరణం వాళ్ళు ఏవేవో అంటుంటారు. దానికి నాకు ఓ పెద్దమనిషి చెప్పిన జవాబు తిరుగులేనిది. "పక్కనే శ్రీహరికోట పెట్టుకుని, రాకెట్లకే అలవాటుపడ్డ పక్షులయ్యా ఇవి. నాలుగు సినిమా పాటలకి చస్తాయా?" నిజమే. 1971 నుంచీ అక్కడ రాకెట్లు లేస్తూనే ఉన్నాయి. ఒక్క తేడా మాత్రం ఉంది. రాకెట్ అన్నది చెప్పిన టైముకి ఓ గర్జన గర్జించి కాసేపట్లో పైకి వెళ్ళిపోతుంది. మైకు పట్టుకున్నాయన వెళ్ళడు. "ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను" అన్నాక అరగంట ఉంటాడు. ఇస్రో వారు ఇన్ని సాధించారు, ఉపన్యాసానికి కౌంట్‌డౌన్ ఒక్కటి పెట్టలేకపోయారు.

ఇప్పుడు సరస్సు సంగతికి వస్తాను. ఇక్కడ మాత్రం పక్షుల గొంతెమ్మ కోరికలు చూసి నాకే సిగ్గేసింది. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పాతతరం వాళ్ళు దీన్ని ప్రళయకావేరి అనేవారు, పేరు వింటేనే ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు చాలాచోట్ల ఫ్లెమింగో మోకాలు దాటని లోతు. అటునుంచి కాళంగి, ఆరణి లాంటి ఏళ్ళు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. ఇటునుంచి సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీళ్ళు పంపుతుంది. ఈ రెండూ సరైన పాళ్ళలో కలిస్తేనే ఆ రొయ్య, ఆ నాచు, ఆ చేప. జాలరికి వల బరువెక్కేదీ దానితోనే, ఫ్లెమింగోకి రంగొచ్చేదీ దానితోనే. రాయదొరువు దగ్గర, కొండూరుపాళెం దగ్గర ముఖద్వారాలు ఇసుక మేటలేసి పూడుకుపోతున్నాయి, తవ్వించండి మహాప్రభో అని అక్కడి జాలర్లు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. హామీలు కూడా ఏ లోటూ లేకుండా అందుతున్నాయి. సరస్సులో నీళ్ళు తగ్గాయేమో గానీ హామీల మట్టం ఎప్పుడూ తగ్గలేదు.

నిదానంగా ఆలోచిస్తే ఈ ఆలస్యానికి న్యాయమైన కారణం దొరుకుతుంది. ముఖద్వారం తవ్వితే ఏం కనిపిస్తుంది? నీళ్ళు లోపలికి వస్తాయి, అంతే. నీళ్ళకి రిబ్బను కట్టలేం. బురదని ఆవిష్కరించలేం. నిశ్శబ్దానికి శిలాఫలకం వేస్తే ఎక్కడ పాతాలి? పక్షి అడుగుతున్నవన్నీ ఇలా ప్రారంభోత్సవం చెయ్యడానికి వీల్లేని సరుకులే. అదే వేదిక అయితే ఎంత చక్కగా కనిపిస్తుంది! ఇంకో ఊరట ఏమిటంటే, ఫ్లెక్సీ మీది గులాబీ రంగు రొయ్యల నుంచి రాదు, ప్రింటరు నుంచి వస్తుంది. ముఖద్వారాలు రేపు పూర్తిగా పూడిపోయినా ఆ రంగుకి వచ్చిన ఢోకా లేదు.

మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం జిల్లా వాళ్ళ వెనకబాటుతనం చూస్తే జాలేస్తుంది. తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలూ ఊళ్ళోకే వచ్చి ఇళ్ళ పక్క చెట్ల మీద గూళ్ళు పెడతాయి. అక్కడి వాళ్ళు ఏం చేస్తారు? పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, రాయి విసరరు, విసరనివ్వరు. పెరట్లో ఆరేసిన చీర మీద రెట్ట పడితే మళ్ళీ ఉతుక్కుంటారు. ఇంతే! పక్షుల కోసం ఏం చేశారని అడిగితే చూపించడానికి వాళ్ళ దగ్గర ఒక్క జ్ఞాపిక లేదు.

విమర్శించి ఊరుకోవడం నా పద్ధతి కాదు కాబట్టి ఒక సూచన చేస్తాను. పండుగని మే నెలకి మార్చాలి.

నవ్వకండి, లెక్కలు చూడండి. జనవరిలో గొడవంతా పక్షుల వల్లే. అవి గుడ్ల మీద ఉంటాయి, అరవకూడదంటారు. మేత మీద ఉంటాయి, దగ్గరికి పోకూడదంటారు. మే నాటికి చాలామటుకు వెళ్ళిపోతాయి. ఉత్తరం వైపు సరస్సు ఎండిపోయి, ఉప్పు పెచ్చుకట్టి, కనుచూపు మేర చదునుగా తయారవుతుంది. అంత పార్కింగ్ స్థలం రాష్ట్రంలో ఇంకెక్కడైనా ఉందా? అక్కడే స్టాళ్ళు, అక్కడే కబడ్డీ కోర్టు, సరస్సు నడిమధ్యన వేదిక. పడవ షికారు ఉండదు నిజమే, దాని బదులు ట్రాక్టరు షికారు పెట్టొచ్చు. ప్లాస్టిక్ ఫ్లెమింగోలని వరుసగా పాతితే అవి ఎటూ పోవు, ఎవరితో కావాలంటే వాళ్ళతో ఫొటో దిగుతాయి, రెట్ట వెయ్యవు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా ఒంటికాలి మీద అలాగే నిలబడి ఉంటాయి. అంతటి నిబద్ధత మన కార్యకర్తల్లో కూడా ఈ మధ్య కరువైంది. ముఖద్వారాలు ఇప్పుడున్న జోరులోనే పూడుతూ పోతే మైదానం కూడా ఏటేటా పెరుగుతుంది. కొన్నాళ్ళకి జనవరిలోనే ఈ సౌకర్యాలన్నీ దొరికినా ఆశ్చర్యం లేదు. అప్పుడు తేదీ మార్చే బాధ కూడా తప్పుతుంది.

పండుగ అయిపోయిన మర్నాడు తిరుగుబండికి ఇంకా టైముందని, పొద్దున్నే శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప దాకా వెళ్ళాను. దారిలో స్వాగత తోరణాలు విప్పుతున్నారు. రోడ్డుకి రెండు వైపులా నీళ్ళు పలచగా, అద్దంలా ఉన్నాయి. ముందురోజు బైనాక్యులర్‌కి కూడా అందకుండా ఆ చివరెక్కడో చారలా కనిపించిన గుంపు ఇప్పుడు రాయి విసిరితే అందేంత దగ్గరగా ఉంది. ముక్కులు నీళ్ళలో ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి తొక్కుతూ, పీలుస్తూ, వాటిలో అవి ఏదో గొణుక్కుంటున్నాయి. నేను దగ్గితే ఒకటి తల ఎత్తి చూసింది, పనికిమాలినవాణ్ణని తేల్చుకుని మళ్ళీ దించేసింది. ఒక మూలనున్నవి నాలుగు నీళ్ళ మీద పరుగెత్తి లేచాయి. అప్పటిదాకా తెల్లగా ఉన్నవి రెక్క విప్పేసరికి లోపలంతా కుంకుమ, అంచుకి నల్ల జరీ.

సైకిలు మీద టీ క్యాన్ పెట్టుకుని ఒకతను ఆగాడు. గ్లాసు చేతికిచ్చి, నన్ను ఎగాదిగా చూసి, పాపం అన్నట్టు తలాడించాడు.

"నిన్న వచ్చుంటే బాగుండేదన్నా. జనం ఏం జనం! ఈ పొద్దు ఏముండాది ఈడ, వట్టి పక్షులు."