జీరో కమిషన్‌లో దాగిన రూపాయి ఎనభై పైసలు

సరూర్‌నగర్ రైతుబజార్‌లో రోజూ పొద్దున్నే ఆనాటి ధరల బోర్డు పెడతారు. మా అక్క దాన్ని ఒకసారి చూసుకుని వస్తుంది. ఆ తర్వాత కాలనీలోకి వచ్చే తోపుడు బండి అతను ఏం చెప్పినా ఆవిడ దగ్గర లెక్క రెడీగా ఉంటుంది. "బజార్‌లో ముప్పై ఉంటే నువ్వు నలభై ఐదంటావేంటి?" అని మొదలుపెట్టిందంటే ముప్పై ఐదుకు దిగేదాకా వదలదు.

అదే అక్క, కొడుకు మొదటి సెమిస్టర్ ఫీజుకూ హాస్టల్‌కూ కలిపి 15,000 డాలర్లు అమెరికా పంపడానికి బ్యాంకులో గంటన్నర కూర్చుంది. విదేశాలకు డబ్బు పంపడానికి ఇచ్చే ఏ2 ఫారం నింపింది. పాన్ కార్డు జిరాక్సు, యూనివర్సిటీ ఇన్వాయిస్ ఇచ్చింది. సంతకం కలవలేదంటే మళ్లీ పెట్టింది. బయటికొచ్చాక నాకు ఫోన్ చేసి, "జీఎస్టీ అని వెయ్యికి పైనే కొట్టేశార్రా" అని బాధపడింది. రేటు ఎంత వేశారక్కా అంటే, "డాలర్ ఎంతుంటే అంతే కదా, అందులో అడిగేదేముంది?" అంది.

విదేశాలకు పిల్లల్ని పంపే ఇళ్లలో డబ్బు జారిపోయేది సరిగ్గా ఆ మాట దగ్గరే.

లెక్క సులువుగా ఉండటానికి మార్కెట్‌లో డాలర్ 90 రూపాయలు అనుకుందాం. టీవీలో కింద స్క్రోల్ అయ్యేది, గూగుల్‌లో కనిపించేది ఈ రేటే. అది బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాల్లో కొనుక్కునే ధర. మనకు అమ్మేది వేరే ధరకు. దాన్ని టీటీ సెల్లింగ్ రేటు అంటారు. అది 91.80 ఉందనుకోండి. డాలర్‌కు రూపాయి ఎనభై పైసలు తేడా. 15,000 డాలర్లకు 27,000 రూపాయలు. అక్క గుండె కలుక్కుమన్న జీఎస్టీ ఈ లెక్కన 1,058 రూపాయలే. రసీదులో విడిగా కనిపించింది కాబట్టి వెయ్యి నొప్పి పుట్టించింది. రేటులో కలిసిపోయిన ఇరవై ఏడు వేలు ఎవరికీ కనపడలేదు.

ఇందులో నాకు విచిత్రంగా అనిపించే సంగతి ఒకటుంది. ఈ తేడాను ఎలా కొలవాలో మన పన్ను చట్టానికి బాగానే తెలుసు. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ లెక్కించడానికి నియమాల్లో రెండు దారులున్నాయి. ఆ రోజు అధికారికంగా ప్రకటించే మార్కెట్ రేటుకూ (దీన్నే రిఫరెన్స్ రేటు అంటారు) కస్టమర్‌కు వేసిన రేటుకూ ఉన్న తేడానే సేవ విలువగా తీసుకుని దాని మీద 18 శాతం వేయడం మొదటిది. మార్చిన మొత్తాన్ని బట్టి శ్లాబుల్లో విలువ కట్టడం రెండోది. లక్ష వరకు ఒక శాతం, పది లక్షలు దాటితే 5,500 రూపాయలు, ఆ పైన మొత్తానికి 0.1 శాతం. మామూలుగా రసీదుల్లో మనం చూసేది ఈ రెండోదాన్నే. మన ఉదాహరణలో శ్లాబు ప్రకారం బ్యాంకు చేసిన సేవ విలువ 5,877 రూపాయలు. నిజంగా తీసుకున్నది 27,000. కాగితం మీద సేవ చిన్నదిగానే ఉంది, జేబుకే పెద్ద చిల్లు పడింది.

అమీర్‌పేట, పంజాగుట్ట వైపు 'జీరో కమిషన్' బోర్డులు చూసే ఉంటారు. అబద్ధమేమీ కాదు, కమిషన్ అన్న గడిలో నిజంగానే సున్నా వేస్తారు. బ్యాంకులైనా, ఫారెక్స్ షాపులైనా ఊరికే పని చేయాలని నేననడం లేదు. నోట్లు తెప్పించుకోవాలి, దాచాలి, మధ్యలో రేటు ఎగిరితే నష్టం భరించాలి. అందుకని నోట్ల మీద మార్జిన్ ఎక్కువ ఉండటంలో అర్థముంది. కానీ బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ నెట్‌వర్క్‌లో అకౌంట్ నుంచి అకౌంట్‌కు వెళ్లే డబ్బుకు అంత ఖర్చు లేదు. అక్కడా రెండు శాతం తీసుకుంటున్నారంటే అడిగేవాళ్లు లేకే.

ఎందుకు అడగరు? ఒకటి టెన్షన్. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా స్టాంప్ పడేసరికి టికెట్ దొరుకుతుందో లేదో, ఫీజు గడువు దాటుతుందేమో, అప్పు సాంక్షన్ అయిన బ్యాంకు మళ్లీ ఏ కాగితం అడుగుతుందో అన్న కంగారే సరిపోతుంది. చిలుకూరు బాలాజీకి నూట ఎనిమిది ప్రదక్షిణలు కూడా ఆ వారంలోనే పూర్తి చేయాలి. రెండోది, కన్సల్టెన్సీ వాళ్లే 'మన అబ్బాయే' అంటూ ఒక నంబర్ ఇస్తారు. మనవాడన్నాక రేటు గురించి గట్టిగా అడగడానికి మొహమాటం. మూడోది మన ఆశ. రూపాయి కోలుకుంటుందేమోనని వారం రోజులు పది, ఇరవై పైసల కోసం కాచుకుని కూర్చునే నాన్నలు నాకు తెలుసు. 2025 డిసెంబర్‌లో డాలర్ మొదటిసారి 90 దాటినప్పుడు ఈ కాచుకోవడం ఎలా ముగిసిందో చూశాం. మార్కెట్ మన చేతిలో లేదు. మార్జిన్ మీద బేరమాడటం మాత్రం మన చేతిలో పనే.

అటు నుంచి ఇటు వచ్చే డబ్బును చూడండి. డాలస్‌లో ఉన్న కొడుకు అమ్మకు డబ్బు పంపితే, ఫీజు ఎంత, రేటు ఎంత, అమ్మ చేతికి ఎన్ని రూపాయలు అందుతాయన్నది అతను డబ్బు కట్టకముందే చూపించాలి. అమెరికాలో 2013 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న నియమం అది. కట్టాక ముప్పై నిమిషాల్లోపు రద్దు చేసుకునే హక్కు కూడా ఉంది. యూరప్‌లో 2019లో తెచ్చిన నిబంధన ప్రకారం, యూరోపియన్ కరెన్సీల మధ్య కార్డు మార్పిడి జరిగితే అక్కడి కేంద్ర బ్యాంకు రేటు మీద ఎంత శాతం ఎక్కువ తీసుకుంటున్నారో చెప్పాలి. అంటే డాలస్ కొడుక్కి ఉన్న సదుపాయం కూకట్‌పల్లి తండ్రికి కౌంటర్ దగ్గర కనిపించదు. అమెరికాలో 2024-25లో 3.63 లక్షల మంది భారతీయ విద్యార్థులున్నారని అక్కడి ఓపెన్ డోర్స్ నివేదిక చెప్పింది. అందులో మన తెలుగు పిల్లలు ఎందరో అమీర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు.

ఈ గుట్టు వల్ల ఇంకో నష్టం ఉంది. "నా దగ్గర ఇక్కడ డాలర్లున్నాయి, మా నాన్న అకౌంట్‌లో రూపాయలు వేయండి, గూగుల్ రేటుకే ఇస్తా" అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. చూడటానికి స్నేహితుల మధ్య సాయంలా ఉంటుంది. కానీ విదేశీ మారకాన్ని నియంత్రించే ఫెమా చట్టం ప్రకారం ఆ మార్పిడి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న అధీకృత డీలర్ ద్వారానే జరగాలి. ఉల్లంఘిస్తే మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయొచ్చు. అంతకంటే దగ్గర్లో ఉన్న ముప్పు ఇంకోటి. మీరు రూపాయలు వేసిన ఆ తెలియని అకౌంట్ ఏ సైబర్ మోసంలోనో ఉంటే మీ అకౌంట్ కూడా ఫ్రీజ్ కావొచ్చు. ఇంత తెలిసీ జనం ఎందుకు దిగుతున్నారంటే, ఆ రెండు శాతం మిగులుతుందనే. కౌంటర్‌లో మార్జిన్ అర శాతం ఉంటే ఈ గ్రూపులు సగం మూతపడతాయని నా అంచనా.

డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను, అంటే టీసీఎస్ గురించి భయం మాత్రం కాస్త ఎక్కువే చేస్తున్నారు. వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి పది లక్షల రూపాయలు దాటిన మొత్తానికే టీసీఎస్. చదువుకైతే రేటు చాలా తక్కువ, గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన విద్యారుణం నుంచి పంపితే అసలే లేదు. కొడుక్కి ఊరికే ఖర్చులకని పంపితే మాత్రం పరిమితి దాటిన మొత్తానికి 20 శాతం పట్టుకుంటారు. కాబట్టి ఫారంలో డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ కోడ్ ఏది వేస్తున్నారో చూసుకోవాలి. పట్టుకున్నది పోయినట్టు కాదు, పంపినవాళ్ల పాన్ మీద జమై రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది. ఇబ్బందల్లా ఎప్పుడూ రిటర్న్ వేయని రైతు తండ్రికే. ఆయన సొమ్ము ఏడాది పాటు ఇరుక్కుంటుంది.

పిల్లాడు వెళ్లేటప్పుడు చేతిలో నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే, మిగతాది ముందే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డులో. ఆ డాలర్ కార్డును దారిలో దుబాయ్‌లో గీకితే దిర్హమ్‌లకు మార్చినందుకు మళ్లీ కోత. అక్కడి మెషీన్ 'రూపాయల్లో కడతారా' అని అడిగితే వద్దనండి.

మళ్లీ రేటు దగ్గరికి వస్తాను. ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రతి పనిదినం మధ్యాహ్నం రిఫరెన్స్ రేటు ప్రకటిస్తుంది. మామూలు కస్టమర్లు మార్కెట్ రేటుకు దగ్గరగా కొనుక్కోవడానికి 2019లోనే ఎఫ్‌ఎక్స్-రిటైల్ అనే ప్లాట్‌ఫామ్ పెట్టారు. బ్యాంకు తన చార్జీని విడిగా చెప్పి తీసుకోవాలన్నది దాని ఉద్దేశం. మా అక్క వెళ్లే శాఖలో ఆ పేరు చెబితే ఫారెక్స్ డెస్క్‌లో ఉన్న అమ్మాయి నా మొహం వంక చూసింది. ప్లాట్‌ఫామ్‌లు ఎన్ని పెట్టినా, రైతుబజార్ బోర్డులా రేటు పక్కన రేటు రాసి ఉంటే తప్ప బేరం మొదలవదు. ప్రతి ఏ2 రసీదు మీద రిఫరెన్స్ రేటు, మీకు వేసిన రేటు, రెంటి తేడా రూపాయల్లో ఎంతన్నది తప్పనిసరిగా ముద్రించమని రిజర్వు బ్యాంకు ఒక్క ఆదేశం ఇస్తే చాలు. మార్జిన్‌కు పరిమితి పెట్టమని కూడా నేను అడగను. కనిపిస్తే అక్కలాంటివాళ్లు చూసుకుంటారు.

రెండో సెమిస్టర్‌కు అక్క చీటీ మీద ముందు రోజు రిఫరెన్స్ రేటు రాసుకుని వెళ్లింది. "దీని మీద ఎంత వేస్తున్నారమ్మా?" అని అడిగిందట. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడి వచ్చి డాలర్‌కు తొంభై పైసలు తగ్గించింది. 11,000 డాలర్లు పంపింది కాబట్టి 9,900 రూపాయలు మిగిలాయి. సాయంత్రం రసీదు తెచ్చి నాకు చూపించింది. జీఎస్టీ పైసలతో సహా అచ్చై ఉంది. రిఫరెన్స్ రేటు మాత్రం పక్క ఖాళీలో అక్క తన పెన్నుతోనే రాసుకుంది.