విద్యార్థి సర్వేను చదివేదెవరు?

రెండో సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే డిగ్రీ కాలేజీలు ఖాళీ అవుతాయి. హాస్టల్ మెస్ ఆగిపోతుంది, పిల్లలు సామాన్లు సర్దుకుని ఊళ్లకు బస్సెక్కుతారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం వాళ్ల చదువు అక్కడితో ఆగదు. 2020-21లో మార్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో మూడేళ్లకు కలిపి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాతి వేసవిలో రెండు నెలల సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలల పని, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. సమాజ సేవా ప్రాజెక్టుకు 180 గంటలు లెక్క. విద్యార్థి ఊళ్లోనో వార్డులోనో ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి. ఒక సమస్య ఎంచుకుని దాని మీద పనిచేయాలి, రోజూ లాగ్‌బుక్ రాయాలి, చివర్లో నివేదిక ఇవ్వాలి.

ఈ ఆలోచన మంచిది. మేము దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. పరీక్షల ముందు గైడ్లు బట్టీపట్టి మూడేళ్లు గడిపేసే చదువు మన పిల్లలకు చేసిన నష్టం ఇంతా అంతా కాదు. ఆర్థికశాస్త్రం చదివే అమ్మాయి తన వీధిలో ఎన్ని ఇళ్లకు మైక్రోఫైనాన్స్ అప్పు ఉందో, వారం వారం కట్టే కిస్తీ ఎక్కడి నుంచి తెస్తున్నారో అడిగి తెలుసుకుంటే, క్లాసులో విన్న వడ్డీ లెక్క ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది. అందుకే ఈ కార్యక్రమం పేరుకు మిగిలిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాం.

జూన్ మొదటి వారంలో ఏ పట్టణంలోనైనా కాలేజీకి దగ్గర్లో ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్లి చూడండి. పోయిన ఏడాది ఎవరో ఇచ్చిన నివేదిక అక్కడి కంప్యూటర్‌లో ఉంటుంది. పేరు, హాల్‌టికెట్ నంబరు, ఊరు మారిస్తే చాలు, స్పైరల్ బైండింగ్‌తో సహా గంటలో చేతికొస్తుంది. లాగ్‌బుక్‌లో రెండు నెలల పేజీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే సిరాతో, ఒక్క రాత్రిలో నిండుతాయి. 'ఈరోజు చేసిన పని' అన్న గడిలో 'పరిశుభ్రతపై అవగాహన కల్పించాను' అని, మర్నాడు 'ప్లాస్టిక్‌పై అవగాహన కల్పించాను' అని. కింద మెంటార్, అంటే పని చూడాల్సిన అధ్యాపకుడి సంతకాలు కూడా ఒక్కసారే పడతాయి. అందరూ ఇలాగే చేస్తున్నారని మేము అనడం లేదు. ఎండను లెక్కచేయకుండా ఊరంతా తిరిగి, చేతిరాతతో యాభై ఇళ్ల వివరాలు తెచ్చిన పిల్లలూ ఉన్నారు. బాధ ఏమిటంటే, ఆ రెండు నివేదికలూ ఒకే బీరువాలోకి వెళతాయి. కష్టపడి తెచ్చినదాన్నీ ఎవరూ తెరవరు, కొన్నదాన్నీ ఎవరూ తెరవరు. రెంటికీ దాదాపు ఒకే మార్కులు వస్తాయి. మర్నాటి నుంచి కష్టపడేవాడు ఎందుకు కష్టపడాలి?

తప్పు పిల్లల మీదకు నెట్టేయడం తేలిక. కానీ ముందు అడగాల్సింది వేసవిలో వాళ్లను నడిపించేవారు ఎవరని. రెగ్యులర్ అధ్యాపకులకు అది సెలవుల కాలం. చాలా కాలేజీల్లో పాఠాల భారమంతా మోసే గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్ లెక్కన జీతం కాబట్టి క్లాసులు లేని నెలల్లో వాళ్లకు రూపాయి రాదు. జీతం లేని మనిషిని పాతిక ముప్పై మంది విద్యార్థుల ఊళ్లకు వెళ్లి పని చూసి రమ్మనడం ఏం న్యాయం? బస్సు చార్జీలకైనా ఎవరిస్తారు? ఇక వాట్సాప్ గ్రూపులో ఫొటోలు తెప్పించుకుని సంతకం పెట్టడం తప్ప దారేముంటుంది?

రెండోది విద్యార్థి పొట్ట సంగతి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చదివే పిల్లల్లో చాలామందికి వేసవి అంటే నాలుగు డబ్బులు సంపాదించుకునే కాలం. అమ్మతో కలిసి తెల్లారకముందే ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లున్నారు. నూజివీడు వైపు మామిడి కోతలకు, గుంటూరులో మిర్చి తొడిమలు తీయడానికి, పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు, నగరాల్లో డెలివరీలకు వెళ్లేవాళ్లున్నారు. వచ్చే ఏడాది ఫీజు, బస్ పాస్, పుస్తకాలు ఆ కూలీ డబ్బుల్లోంచే. అలాంటి ఇంట్లో 180 గంటలు ఉచితంగా పనిచేయమంటే, ఆ గంటల కూలీని ఇల్లు వదులుకోవాల్సిందే.

వ్యవసాయ డిగ్రీ చదివే విద్యార్థికి ఇదే దేశంలో ఇంకో పద్ధతి ఉంది. ఆఖరి ఏడాదిలో పల్లెకు పంపుతారు, ఒక రైతుకు జత చేస్తారు, దుక్కి నుంచి కోత దాకా పక్కనే ఉండి నేర్చుకోమంటారు. 2015లో మొదలైన 'స్టూడెంట్ రెడీ' పథకం కింద ఆరు నెలలపాటు నెలకు 3,000 రూపాయల స్టైపెండ్ కూడా ఇస్తారు. అది చాలా చిన్న మొత్తమే. అయినా నీ పనికి విలువ ఉందని ప్రభుత్వం చెప్పినట్టవుతుంది. బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలకు ఆ మాట చెప్పేవారు లేరు. 2024లో కేంద్రం ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 ఇస్తామన్నారు కానీ, రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చదివేవారు దానికి అర్హులు కారన్నారు. చదువుతూ పనిచేయడం తప్పనిసరైన విద్యార్థికి డబ్బు లేదు, డబ్బుతో వచ్చిన పథకంలో చదువుతున్న విద్యార్థికి చోటు ఇవ్వలేదు.

ఎండ సంగతి వేరే చెప్పాలా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రెంటచింతల లాంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజుల్లో మధ్యాహ్నం పూట తలుపు తట్టి కుటుంబ వివరాలు అడగమనడం పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే. ఊళ్లో ఎవరి పనులైనా పొద్దున్నే మొదలై పది గంటలకల్లా ముగుస్తాయి, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే. సర్వే వేళలు కూడా అలాగే ఉండాలని రాతపూర్వకంగా చెప్పాలి. ఇది చిన్న విషయంగా తీసేయకండి. వడదెబ్బకు ఒక్క విద్యార్థిని పోగొట్టుకున్నా ఆ ఇంటికి ఎవరూ సమాధానం చెప్పలేరు.

వేసవిలో నేర్చుకోదగిన పని లేక కాదు, చాలానే ఉంది. ఇరవై ఏళ్ల కింద మన కరవు జిల్లాల్లో రైతులే చేసి చూపించారు. భూగర్భ జలాలను రైతులే చూసుకునేలా పెట్టిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టులో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల రైతులు తమ బోర్లలో నీటిమట్టాన్ని తామే కొలిచారు. టేపు చివర కట్టిన సూచికను బోరులోకి వదులుతారు, నీళ్లు తగలగానే అది కూత పెడుతుంది, ఎన్ని మీటర్ల లోతో పుస్తకంలో రాసుకుంటారు. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి బోరు ఎంత పోస్తోందో లెక్కగడతారు. ఊరి వానమాపకం లెక్క, బోర్ల లెక్క పక్కపక్కన పెట్టి ఈ నీళ్లకు ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల ఆరుతడి అని ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. బడి చదువు అంతంతమాత్రంగా ఉన్న రైతులు చేసిన పని ఇది. బీఎస్సీ భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది? పైగా నీళ్లు అడుగంటే మే నెలలోనే ఈ కొలతకు విలువ ఎక్కువ. ఏటా అదే బోరును, అదే నెలలో కొత్త బ్యాచ్ కొలుస్తూ పోతే ఐదేళ్లలో ఆ ఊరికి తన నీటి చరిత్ర చేతికి వస్తుంది.

రసాయనశాస్త్రం పిల్లల్ని ఫ్లోరైడ్ నీళ్ల బెడద ఉన్న కనిగిరి వైపు పంపండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేని చోట గరిష్ఠంగా ఒకటిన్నర. ఏ బోరు ఆ గీత దాటిందో, ఏది దాటలేదో ఊరి పటం మీద గుర్తుపెట్టగలిగితే ఆ కాగితాన్ని సర్పంచ్ ఇంటిగోడకు అంటించుకుంటారు. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయి రైతులు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లతో బారులు తీరారు. కామర్స్ విద్యార్థులు ఆ క్యూలో నిలబడి ఒక్కో ట్రాక్టరు ఎన్ని గంటలు ఆగింది, చివరికి చేతికొచ్చిన ధర ఎంత, కోత కూలీ, బాడుగ పోగా మిగిలింది ఎంత అని రాసుకుని ఉంటే, ఆ ఏడాది ధర మీద జరిగిన చర్చకు అసలైన లెక్కలు దొరికేవి.

కాబట్టి ఉన్నత విద్యామండలిని, విశ్వవిద్యాలయాలను మేము కోరేది ఇది. ప్రతి నివేదికలో రెండు పేజీల సారాంశం తెలుగులో ఉండాలి. అది కాలేజీ బీరువాకు వెళ్లేముందు గ్రామసభ ముందుకో వార్డు సభ ముందుకో వెళ్లాలి. విద్యార్థి నిలబడి చదవాలి, ఊరివాళ్లు ప్రశ్నలు అడగాలి, మార్కుల్లో సగం అక్కడ తేలాలి. ఊళ్లో ఎన్ని ఇళ్లకు కుళాయి లేదో తప్పు రాస్తే అక్కడికక్కడే పట్టుకునే పెద్దమ్మలు ఆ సభలో ఉంటారు. జిరాక్స్ షాపు నివేదిక ఆ ప్రశ్నల ముందు ఐదు నిమిషాలు నిలవదు.

మెంటార్‌గా పనిచేసే గెస్ట్ ఫ్యాకల్టీకి ఆ రెండు నెలలకూ వేతనం, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. జాతీయ సేవా పథకం 1969 నుంచి నడుస్తోంది. ఏడు రోజుల ప్రత్యేక శిబిరాల్లో ప్రోగ్రామ్ ఆఫీసర్ పిల్లలతోపాటే ఊళ్లో ఉంటారు. టీచర్ పక్కన ఉంటే పని ఎలా జరుగుతుందో మన కాలేజీలకు తెలియనిది కాదు. విద్యార్థికి వ్యవసాయ కోర్సుల్లో ఇచ్చే 3,000 అయినా ఇవ్వాలి. రెండు నెలలకు ఆరు వేలు. అందరికీ ఒకేసారి కుదరకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హులతో మొదలుపెట్టండి. ఊళ్లో కాకుండా విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో నమూనాలు పరీక్షించుకోవాల్సిన పిల్లల కోసం కనీసం ఒక హాస్టల్, ఒక మెస్ వేసవిలో తెరిచి ఉంచాలి. నీటి నమూనా సీసాలు పట్టుకుని వచ్చిన అమ్మాయి రాత్రికి ఎక్కడ ఉండాలో తెలియక సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లిపోవాల్సిన పరిస్థితి రాకూడదు.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న మార్గదర్శకాల్లో నాలుగైదు పేరాలు మార్చి, బడ్జెట్‌లో ఒక పద్దు తెరిస్తే సరిపోతుంది. ఆ ఉత్తర్వు వచ్చే రెండో సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్‌తోపాటే కాలేజీలకు చేరాలి. సెలవులు సగం గడిచాక వస్తే దాన్ని చదివే లెక్చరర్ కాలేజీలో ఉండరు.