సవరణ: కృష్ణజింక కొమ్ములు ఏటా రాలవు

గుజరాత్‌లోని వెలవదర్ జాతీయ పార్కు గురించిన పోస్టులో, కృష్ణజింకలు ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి పెంచుకుంటాయని రాశాం. అది తప్పు. వన్యప్రాణి శాస్త్ర గ్రంథాల ప్రకారం ఏటా రాల్చేవి చుక్కల దుప్పి, కణుజు వంటివి. వాటి కొమ్ములు పాయలుగా చీలుతాయి. మగ కృష్ణజింక కొమ్ము చీలదు, మెలితిరిగి ఉంటుంది. లోపల ఎముక, పైన మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారైన తొడుగు. విరిగితే మళ్లీ మొలవదు.

కాబట్టి గడ్డిలో కొమ్ము కనిపిస్తే రాలిందే కదా అని తీసుకోకండి. ఆ జంతువు చనిపోయి ఉండొచ్చు, లేదా మగవాటి పోట్లాటలో విరిగి ఉండొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాని కొమ్ము ఇంటికి తెచ్చుకోవడమూ నేరమే. ఉన్నచోటే వదిలేసి అటవీ సిబ్బందికి చెప్పండి.