ఐదున్నర నెలల తర్వాత అందిన సాయం

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వరదల్లో ఆంధ్రకు కేంద్రం చేసిన సాయం సరిపోయిందా? ఈ ప్రశ్న మీద ఒక బాబాయ్, ఆయన అన్న కూతురు వాదించుకుంటారు. రాఘవయ్య తహసీల్దారుగా రిటైరై విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటున్నారు. సుధ ఢిల్లీలో ప్రభుత్వ ఆడిట్ ఉద్యోగి. మనుషులు కల్పితం, లెక్కలు నిజం.

రాఘవయ్య: అమ్మాయ్, మొదటి వారం సంగతి నేను తప్పుపట్టను. ఎన్డీఆర్ఎఫ్ పడవలొచ్చాయి, హెలికాప్టర్లొచ్చాయి, బుడమేరు వాగు గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లు దిగారు. నా గొడవంతా నీళ్లు తీశాక జరిగిన దాని గురించే. ఊరు మునిగింది సెప్టెంబరు 1న. జాతీయ విపత్తు నిధి నుంచి మన రాష్ట్రానికి 608.08 కోట్లు ఇవ్వాలని హోం మంత్రి అధ్యక్షతన ఉన్న కమిటీ తేల్చింది 2025 ఫిబ్రవరి 19న. రాష్ట్రం చెప్పిన నష్టం 6,880 కోట్లు. అందులో పదో వంతు కూడా రాలేదు, వచ్చింది కూడా ఐదున్నర నెలలకి.

సుధ: ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టడం సరికాదు బాబాయ్. 6,880 అనేది మొత్తం నష్టం, రోడ్లూ కాలవలూ అన్నీ కలిపి. ఆ నిధి ఉన్నది తక్షణ సాయానికి. అది పరిహారం కాదు, ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చే ఆసరా అని కేంద్రం ఎప్పుడూ చెబుతూనే ఉంది. పైగా డబ్బు ఫిబ్రవరి దాకా ఆగిందనడం కూడా నిజం కాదు. రాష్ట్ర విపత్తు నిధిలో రూపాయికి 75 పైసలు కేంద్రానివే, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90 పైసలు. అది ఏటా రెండు వాయిదాల్లో వస్తుంది. అక్టోబరు 1న ఆంధ్రకు 1,036 కోట్లు, తెలంగాణకు 416.80 కోట్లు విడుదల చేశారు. వరద రోజున కలెక్టర్ ఢిల్లీ వైపు చూడక్కర్లేకుండానే ఈ ఏర్పాటు.

రాఘవయ్య: ఆ నిధిని ఎలా ఖర్చు పెట్టాలో రాసింది కూడా ఢిల్లీయే కదా! అప్పటి నార్మ్స్ చూడు, అంటే దేనికి ఎంత ఇవ్వాలన్న కేంద్రం నిబంధనలు. ఇల్లు రెండు రోజులకు మించి నీళ్లలో ఉంటే బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. మా వీధిలో ఫ్రిజ్, టీవీ, బీరువా, బియ్యం డ్రమ్ము, పిల్లల పుస్తకాలు, అన్నీ బురదలో కలిశాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు రాష్ట్రం 25,000 ప్రకటించింది. నార్మ్స్ దాటిన సొమ్మంతా రాష్ట్రం సొంతంగా వెతుక్కోవాల్సిందే. పంట చూడు: నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు ఏడు వేలు కూడా పడదు. నాట్లేసి, ఎరువులేసి, కౌలు కట్టినవాడికి అది దేనికి చాలుతుంది? ఆ ఏడు వేలు కూడా పాస్‌బుక్ ఉన్న ఆసామికి పోతే కౌలు రైతుకి ఏం మిగిలింది? నష్టం నమోదు చేసే ఎన్యూమరేషన్ జాబితాలు చేతిలో పట్టుకుని పొలాల వెంట తిరిగినవాణ్ణి, నాకు తెలుసు.

సుధ: కౌలు రైతు పేరు జాబితాలో ఎక్కకపోవడం ఢిల్లీ తప్పా బాబాయ్? అది మీ రెవెన్యూ శాఖ పనే కదా.

రాఘవయ్య: మా శాఖ పనే. ఆ మాట కాదనను.

సుధ: ఇంకో మాట కూడా వినండి. బుడమేరు పారే దారిలో ఇళ్లు లేస్తుంటే చూస్తూ ఊరుకున్నది ఎవరు? కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు నీళ్లు అందులోకి సరిగా దిగవని ఇంజనీర్లకి ఎప్పటి నుంచో తెలుసు. కేంద్రం, రాష్ట్రాల మధ్య నిధుల పంపకం సూచించే 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముందు జాగ్రత్త పనులకే విడదీసింది. కట్టలు పట్టించుకోని రాష్ట్రానికి ప్రతిసారీ అడిగినంత ఇస్తే, రేపు కట్ట బాగు చేయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

(సుధ వాదనలో బలమైనది ఇదే. కానీ ఆ శిక్ష పడేది అనుమతులిచ్చిన ఆఫీసరుకి కాదు, కింది వాటాలో అద్దెకున్న కుటుంబానికి. అందుకే ఇది రాసిన నేను రాఘవయ్య పక్షాన ఉన్నాను.)

రాఘవయ్య: తప్పు చేసిన ప్రభుత్వాన్ని నిలదియ్యి, ఆడిట్‌లో రాయి, కోర్టుకు లాగు. ముంపులో ఉన్నవాడి అన్నం మీద మాత్రం ఆ లెక్క తేల్చకు. అయినా ఏ తప్పూ వెతకలేని చోట కూడా జరిగింది ఇదేగా! కేరళ వయనాడ్‌లో 2024 జులై 30న కొండ విరిగిపడింది. దాన్ని తీవ్ర విపత్తుగా గుర్తించడానికి డిసెంబరు వచ్చింది. ఫిబ్రవరిలో 529.50 కోట్లు ఇచ్చారు, అది అప్పు. మార్చి 31 లోపు ఖర్చు పెట్టాలన్నారు. ఆరు వారాల్లో బాధితులకి టౌన్‌షిప్ ఎలా కడతారు? ఈలోగా పాత విపత్తులవి కూడా కలిపి హెలికాప్టర్లకు 132 కోట్ల పైచిలుకు బిల్లు పంపారు.

సుధ: వడ్డీ లేని అప్పు అది, యాభై ఏళ్లలో తీర్చేది. బిల్లు పద్ధతి పాతదే, ఒక్క కేరళకే పెట్టింది కాదు. అయితే ఆ సమయంలో పంపడం నాకూ బాధగా అనిపించింది. ఆలస్యం గురించి కూడా కొంత చెప్పాలి. రాష్ట్రం వినతిపత్రం ఇచ్చేదాకా ఆగకుండా కేంద్ర బృందం ముందే వెళ్లాలని 2019లోనే నిర్ణయించారు.

రాఘవయ్య: బృందం వస్తుంది, ఫొటోలు చూస్తుంది, పొలం గట్టు మీద నిలబడి రైతుని రెండు మాటలు అడుగుతుంది. ఆ తర్వాత సబ్ కమిటీ, ఆ పైన హైలెవెల్ కమిటీ. ఇచ్చిన దాంట్లోంచి రాష్ట్ర నిధిలో ఏడాది మొదట్లో ఉన్న నిల్వలో సగం సర్దుబాటు చేస్తారు. పొదుపుగా ఉన్న రాష్ట్రానికే కోత! 2023 కరవుకి కర్ణాటక 18,171 కోట్లు అడిగింది. సుప్రీంకోర్టుకి వెళ్లాక, 2024 ఏప్రిల్‌లో 3,454 కోట్లు వచ్చాయి. అసలు విపత్తుకి 'తీవ్ర స్వభావం' ఉందనాలంటే ఎన్ని ఇళ్లు, ఎన్ని సెంటీమీటర్ల వాన అని ఎక్కడైనా రాసి ఉందా? లేదు. కేంద్రంలో ఉన్నవాళ్లకి ఇష్టమైన రాష్ట్రానికి ఒక రకంగా, కాని రాష్ట్రానికి ఇంకో రకంగా జరుగుతుందేమోనన్న అనుమానం అక్కడే పుడుతుంది.

సుధ: అయితే మీరు అడగాల్సింది ఇంకా గట్టి రూల్స్. ఉదారంగా ఇవ్వమని కాదు.

రాఘవయ్య: రూల్సే అడుగుతున్నాను తల్లీ. ఆ వరదలో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఒక హద్దు పెట్టండి. అది దాటితే పదిహేను రోజుల్లో మొదటి విడత దానంతటదే ఖజానాలో పడాలి. కమిటీలు మిగతాది తర్వాత తేల్చుకోవచ్చు.

సుధ: సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు బాబాయ్, బుడమేరు. బ్యారేజీ లెక్క పెట్టుకుంటే మీ వీధి అందులోకి రాదు.

రాఘవయ్య: నిజమే. అయితే వాన లెక్క పెట్టండి. హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్సీ) ఉపగ్రహాల చిత్రాలతో ముంపు మ్యాపులు గీస్తుంది, వాటిని చేర్చండి. అవి మీ చేతిలో ఉన్న లెక్కలే, ఏ తహసీల్దారూ పెంచి రాయలేడు.

సుధ: దానికి నేను ఒప్పుకుంటాను. హద్దు అంకెల్లో ఉండాలి, విడత దానంతటదే పడాలి, ఎవరు అధికారంలో ఉన్నా ఒకటే కావాలి. కానీ నార్మ్స్‌ని 25,000కి పెంచి మొత్తం జాతీయ నిధి మీద వెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. మళ్లీ నిలబెట్టే ఖర్చులో రాష్ట్రం వాటా ఉండాలి. లేకపోతే బుడమేరు కట్ట ఎప్పటికీ ఢిల్లీ బాధ్యతే అవుతుంది.

రాఘవయ్య: వాటా ఉండనీ, నేనేం కాదన్నాను? పునర్నిర్మాణానికి విడిగా నిధి ఉండాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. 2021లో మొదలు కావాల్సిన దానికి మార్గదర్శకాలు 2024 ఆగస్టులో గానీ రాలేదు. ఆ మూడేళ్లలో మునిగిన ఊళ్లకి ఎవరి వాటా ఎంత అందిందో నీ ఆడిట్‌లో రాయగలవా?